ఆస్పత్రి భోజనం: ఒక డైటు గుమాస్తా చూసిన చరిత్ర

ఉద్యోగ జీవితంలో దగ్గరగా ఎరిగిన ఒక విషయం గురించి ఈ ప్రత్యేక సంచికకు రాయమని మన కార్యదర్శి గారు కోరారు. రెవెన్యూ మిత్రులు జమాబందీ గురించి రాస్తారు, ఖజానా మిత్రులు పాత బిల్లుల గురించి రాస్తారు. నేను రాయగలిగింది ఆస్పత్రి భోజనం గురించే. 1971లో ఎల్‌డీసీగా వైద్యశాఖలో చేరి, 2006లో ఆఫీసు సూపరింటెండెంటుగా హైదరాబాదులో పదవీ విరమణ చేశాను. మధ్యలో 1976 నుంచి కొన్నేళ్లు ఒక జిల్లా ఆస్పత్రిలో డైటు సెక్షన్ చూశాను. ఇప్పుడు నాకు 77 ఏళ్లు. ఆ ఆస్పత్రి పేరు ఇక్కడ రాయను. అక్కడివారు చెడ్డవారు కారు. పైగా జరిగినదానిలో నా వంతు కూడా ఉంది.

డైటు సెక్షన్ అంటే ఏమిటో ఆ శాఖలో పనిచేయని మిత్రుల కోసం ముందుగా చెబుతాను. రోజూ ఉదయం ప్రతి వార్డు నుంచీ సిస్టరు గారి సంతకంతో డైటు షీటు వచ్చేది. అందులో మంచం నంబరు, దాని ఎదురుగా డాక్టరు రాసిన డైటు ఉండేవి. పాల డైటు, పాలు-బ్రెడ్డు, అన్నం డైటు, ఉప్పు లేని డైటు, చక్కెర రోగులకు వేరే డైటు, క్షయ వార్డుకు మాంసకృత్తులు ఎక్కువగా ఉండే డైటు. అన్ని వార్డుల షీట్లూ కూడి నేను అబ్‌స్ట్రాక్టు తయారు చేయాలి. ఒక్కొక్క డైటుకు ఎన్ని గ్రాముల బియ్యం, ఎంత పప్పు, ఎన్ని పాలు అన్న స్కేలుతో హెచ్చవేసి కాంట్రాక్టరుకు ఇండెంటు పంపాలి. సరుకు వంటశాల గుమ్మంలో తూకం వేసి తీసుకునేవారు. నెలాఖరున కాంట్రాక్టరు బిల్లు పెడితే, రోజువారీ అబ్‌స్ట్రాక్టులతో సరిపోల్చి, ఆర్‌ఎంఓ గారి ధ్రువీకరణ, సూపరింటెండెంటు గారి సంతకం అయ్యాక ట్రెజరీకి పంపేవాళ్లం.

ఆడిట్‌వారికి ఈ రిజిస్టరు అంటే మహా ఇష్టం. రాత్రి వార్డు లెక్కలో 182 మంది ఉంటే మర్నాడు 183 డైట్లు ఎందుకు వెళ్లాయి? డిశ్చార్జి అయిన మనిషి పేరున మధ్యాహ్నం పాలు ఎందుకు పోశారు? ఒక్క డైటు తేడా వచ్చినా అభ్యంతరం రాసి, ఎవరి జీతంలోనో రికవరీ పెట్టేవారు. అందుకని నేను కూడికలు మూడుసార్లు చేసేవాణ్ణి. నా కాలంలో డైటు రిజిస్టరు మీద ఒక్క ఆడిట్ పేరా కూడా నిలబడలేదు. ఆ సంగతి చాలాకాలం గర్వంగా చెప్పుకున్నాను.

1979 మార్చిలో మా అమ్మ బావి గట్టు మీద జారిపడింది. తుంటి దగ్గర ఎముక విరిగింది. మా ఆస్పత్రిలోనే ఆడవాళ్ల ఎముకల వార్డులో చేర్చాను. కాలికి ఇటుకలు కట్టి వేలాడదీశారు. కదలడానికి వీల్లేదు. నా భార్య పురిటికి పుట్టింటికి వెళ్లి ఉంది. ఆర్థిక సంవత్సరం చివర కావడంతో బిల్లులన్నీ 31లోగా ట్రెజరీ చేరాలి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి అమ్మ దగ్గరికి వెళ్లేవాణ్ణి. మధ్యాహ్నం ఆస్పత్రి భోజనం ఉండనే ఉందిగదా అన్న ధైర్యం. ఆ భోజనానికి ఇండెంటు రాసేవాణ్ణి నేనే.

నాలుగో రోజు రాత్రి పక్క మంచం ఆవిడ కూతురు నన్ను బయటికి పిలిచి చెప్పింది. "అన్నయ్యగారూ, మీ అమ్మగారు మూడు రోజులుగా మధ్యాహ్నం ఏమీ తినడం లేదండి. పళ్లెం ఆ స్టూలు మీద పెట్టి వెళతారు. ఆవిడ చెయ్యి అందదు. ఇవాళ నేనే నాలుగు ముద్దలు పెట్టాను. మిగతా రోజులు అలాగే తీసుకుపోయారు."

స్టూలు మంచానికి మూరెడు దూరంలో ఉంది. వెల్లకిలా పడుకుని కాలికి బరువు కట్టిన మనిషికి ఆ మూరెడు దూరం ఊరవతలి దూరంతో సమానం. "చెప్పవేమే అమ్మా" అని అడిగితే, "నువ్వు లెక్కల్లో తలమునకలుగా ఉన్నావుగదా నాయనా, ఇంత దానికి నిన్ను పిలిపించడం దేనికి? ఆ ఆయా ఒక్కతే, ముప్పై మంచాలు చూసుకోవాలి పాపం" అంది. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

మర్నాడు ఆఫీసుకు వెళ్లి ఆ మూడు రోజుల డైటు షీట్లు తీశాను. అమ్మ మంచం నంబరు ఎదురుగా "అన్నం డైటు" అని మూడు రోజులూ ఉంది. ఇండెంటు సరిగా ఉంది, తూకం సరిగా ఉంది, కూడిక నా చేతిరాతలోనే ఉంది. ప్రభుత్వం లెక్క ప్రకారం మా అమ్మ మూడు రోజులూ కడుపునిండా భోంచేసింది. అందులో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. ఆ రిజిస్టరులో 'ఇచ్చినది' అన్న కాలమ్ ఉంది గాని 'తిన్నది' అన్న కాలమ్ లేదు.

ఏప్రిల్‌లో నేనొక నోటు పెట్టాను. ప్రతి వార్డులో పళ్లేలు తిరిగి తీసుకునేటప్పుడు ఎవరు తినలేదో డైటు షీటు మీద ఒక గుర్తు పెట్టాలని, తోడు లేని రోగుల పేర్ల పక్కన ముందుగానే గుర్తు ఉండాలని రాశాను. ఫారం నిర్దేశించినది కనుక పై ఉత్తర్వులు లేనిదే మార్చ వీలులేదని రాసి ఫైలు మూశారు. వారి స్థానంలో ఉంటే నేనైనా అదే రాసేవాణ్ణేమో. ఎముకల వార్డు సిస్టరు గారు మాత్రం నోటుతో పనిలేకుండా, తోడు లేని రోగుల మంచానికి చిన్న గుడ్డపీలిక కట్టించి, ఆయా ముందుగా వారికి తినిపించి మిగతావారికి వడ్డించే ఏర్పాటు చేశారు. ఆవిడ బదిలీ అయ్యేదాకా అది సాగింది. ఆ తరువాత ఆగిపోయింది.

అమ్మ ఇంటికి వచ్చింది గాని మళ్లీ నడవలేదు. మరుసటి ఏడు పోయింది. ఆ మూడు రోజులే కారణమని నేను అనను. ఆ వయసులో తుంటి విరిగినవారి సంగతి మనందరికీ తెలిసిందే. అయినా ఆ మూడు కూడికలు నేను మరచిపోలేదు.

పదవీ విరమణ తరువాత ఈ విషయం గురించి చదవడం మొదలుపెట్టాను. మా మనుమరాలు డైటీషియన్ చదువు చదివింది. తన పుస్తకాలలోవి నాకు చెబుతూ వచ్చింది. అప్పుడు తెలిసింది, నేను 1979లో చూసినది కొత్తదేమీ కాదని.

1854లో క్రిమియా యుద్ధకాలంలో ఫ్లోరెన్స్ నైటింగేల్ స్కుటారిలోని సైనిక ఆస్పత్రికి వెళ్లినప్పుడు అక్కడ మాంసం తూకం ప్రకారమే పంచేవారు. ఎముకతో సహా తూచేవారు గనుక ఒకరి వంతుకు కండ వస్తే మరొకరి వంతుకు ఎముకే మిగిలేది. తూకం అందరికీ సమానమే. 1855లో లండన్‌లో పేరుపొందిన వంటవాడు అలెక్సిస్ సోయర్ అక్కడికి వెళ్లి వంటశాలను సరిదిద్దాడు. తరువాత రాసిన తన నర్సింగ్ పుస్తకంలో నైటింగేల్ తిండి గురించి ప్రత్యేకంగా రాసింది. సమృద్ధిగా ఆహారం ఉన్నచోటనే, అది రోగి నోటికి చేరే మార్గం ఎవరూ చూడక వేలమంది పస్తులుంటున్నారని ఆమె చెప్పిన మాట. రోగి ఎప్పటికైనా తింటాడులే అని పళ్లెం పక్కన వదిలి వెళ్లవద్దని కూడా హెచ్చరించింది. మా అమ్మ స్టూలు గురించి నూట ఇరవయ్యేళ్ల ముందే రాసినట్టు అనిపించింది.

అమెరికాలో 1974లో చార్లెస్ బటర్‌వర్త్ అనే డాక్టరు ఒక వ్యాసం రాశాడు. పెద్ద పెద్ద ఆస్పత్రులలో, వైద్యం జరుగుతుండగానే రోగులు తిండి చాలక చిక్కిపోతున్నారని బయటపెట్టాడు. ఆయన చూపిన కారణాలు చదివితే మన వార్డులే కళ్ల ముందు కనిపిస్తాయి. రోగి ఎత్తు, బరువు రాయకపోవడం. ఎంత తిన్నాడో ఎవరూ గమనించకపోవడం. పరీక్షల పేరుతో పూట పూటా భోజనం ఆపేయడం. రోజుల తరబడి సెలైను, గ్లూకోజుతోనే నెట్టుకురావడం. సిబ్బంది మారుతుండటంతో బాధ్యత ఎవరిదో తేలకపోవడం. 1994లో స్కాట్లండ్‌లోని డండీలో 500 మంది రోగులను చేరిన రోజే పరీక్షిస్తే 200 మంది పోషణ చాలనివారుగా తేలారు. వారిలో సగానికి పైగా రోగుల కేసు షీట్లలో ఆ విషయం గురించి ఒక్క ముక్క లేదు. సంపన్న దేశాలలోనే ఇట్లా ఉంటే మన సంగతి వేరే చెప్పనవసరం లేదు. అయితే వారు దిద్దుబాటు కూడా మొదలుపెట్టారు. బ్రిటన్‌లో 2003లో రోగి చేరగానే పోషణ స్థితిని తేల్చే చిన్న పరీక్షాపత్రం వచ్చింది. తినిపించవలసిన రోగులకు ఎర్ర ట్రేలో భోజనం పెట్టే పద్ధతి కూడా అక్కడి ఆస్పత్రులలో వచ్చింది. ఎర్ర ట్రే కనబడితే ఎవరో ఒకరు దగ్గర కూర్చోవాలి. మా సిస్టరు గారి గుడ్డపీలిక కూడా అదే పని చేసింది.

మన దేశంలో ఆహారశాస్త్రం తెలియక కాదు. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి జబ్బు పరిశోధనకు మొదలుపెట్టిన చిన్న విభాగమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు తార్నాకకు వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడ డైరెక్టరుగా ఉన్న డాక్టర్ సి. గోపాలన్, సహచరులు 1971లో తెచ్చిన ఆహార విలువల పుస్తకం నేను 1980లో కొనుక్కున్నాను. అందులోని అంకెలతో స్కేలును లెక్కవేయడం ఒక అలవాటైంది.

ఆ లెక్క ఇక్కడ ఒకసారి చేసి చూపిస్తాను. 100 గ్రాముల బియ్యంలో మాంసకృత్తులు 6.8 గ్రాములు. కందిపప్పులో 22.3. ఆవుపాలలో 3.2. మజ్జిగలో 0.8. ఒక రోగికి రోజంతా కలిపి 300 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, ఒక పెద్ద గ్లాసు మజ్జిగ పెట్టారనుకుందాం. మొత్తం 29 గ్రాములు కూడా దాటదు. 50 కిలోల ఆరోగ్యవంతుడికే కిలోకు ఒక గ్రాము చొప్పున 50 గ్రాములు కావాలని అప్పటి లెక్క. జబ్బుపడిన ముసలివారికి కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా కావాలని ఇప్పటి నిపుణులు అంటున్నారు, అంటే 60 నుంచి 75 గ్రాములు. ఒక గుడ్డు, పావు లీటరు పాలు చేరిస్తే 29 కాస్తా 43 అవుతుంది. ఆ గుడ్డు, ఆ పాలే మొదట మాయమయ్యేవి. పెరుగు పలచనై మజ్జిగ అయితే కొలతలో తేడా రాదు, గ్లాసు నిండుగానే ఉంటుంది. పప్పు నీళ్లచారు అయినా గరిటెల లెక్క సరిపోతుంది. రోగి అందులో సగం వదిలేస్తే ఇక చెప్పేదేముంది?

కాంట్రాక్టరును తిట్టడం తేలిక. నేనూ తిట్టాను. కాని అతని వైపు లెక్క కూడా చూశాను. మనిషికి రోజుకు ఇంత అని రేటు ఒకసారి ఖరారైతే ఏళ్ల తరబడి కదలదు. కందిపప్పు ధర మాత్రం ఏటా పెరుగుతుంది. బిల్లు పాస్ కావడానికి నెలలు పడుతుంది. ఆ తేడా ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి, అది పళ్లెంలోనే సర్దుకుంటుంది. తెలంగాణలో 2022 వరకు సాధారణ రోగికి రోజుకు 40 రూపాయలే ఉండేది. ఉదయం ఫలహారం, రెండు పూటల భోజనం, పాలు, గుడ్డు అన్నీ అందులోనే. ఆ ఏడాది దాన్ని 80 చేశారు. క్షయ మొదలైన ప్రత్యేక ఆహారం కావలసిన రోగులకు 56 నుంచి 112 చేశారు. అదే ఏడాది హైదరాబాదు ప్రభుత్వ ఆస్పత్రులలో రోగుల వెంట వచ్చినవారికి 5 రూపాయల భోజనం మొదలైంది. ఇది చిన్న మేలు కాదు. రోగికి వచ్చిన అన్నాన్ని భార్యా, బిడ్డా పంచుకుని తినడం నేను రోజూ చూసినవాణ్ణి. అంతకుముందు 2011లో కేంద్రం జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద బాలింతలకు మామూలు కాన్పయితే 3 రోజులు, ఆపరేషన్ అయితే 7 రోజులు ఉచిత భోజనం హక్కుగా ఇచ్చింది. ఇవన్నీ మంచి ఉత్తర్వులే. అయితే అన్నిటిలోనూ ఉన్నది 'ఇచ్చినది' అన్న కాలమే.

తిండి వైద్యంలో భాగమా కాదా అన్న ప్రశ్న క్షయ వార్డు విషయంలో చాలాకాలం నలిగింది. 1956లో మద్రాసులో ఏర్పడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం 1959లో ఒక గొప్ప ఫలితం ప్రకటించింది. శానటోరియంలో మంచి తిండి, విశ్రాంతితో మందులు వాడినవారికీ, పేద ఇళ్లలో ఉండి అవే మందులు వాడినవారికీ జబ్బు నయం కావడంలో పెద్ద తేడా లేదని తేలింది. దానివల్ల మంచం దొరకని లక్షలమందికి ఇంట్లోనే చికిత్స అందే దారి ఏర్పడింది. కాని కొందరు దాని నుంచి తిండితో పనిలేదన్న పాఠం తీసుకున్నారు. మా క్షయ వార్డులో డైటు కోత గురించి ఎవరైనా అడిగితే "మందులు పడుతున్నాయిగా" అన్న జవాబే వచ్చేది. 2023లో జార్ఖండ్ నాలుగు జిల్లాలలో జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. రోగులకు నెలకు 10 కిలోల ఆహారపు బుట్ట ఇచ్చారు. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవారిలో మరణాల ప్రమాదం 61 శాతం తక్కువగా కనిపించింది. రోగుల కుటుంబ సభ్యులకు కూడా ఆహారం అందిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. మందు మందే, అన్నం అన్నమే. రెండూ కావాలి. క్షయ రోగులకు 2018 నుంచి నెలకు 500 రూపాయలుగా ఉన్న పోషణ సాయాన్ని కేంద్రం 2024 నవంబరు నుంచి 1000 చేసింది.

ఇక నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం చెప్పాలి. కొన్నేళ్ల క్రితం మా ఇంట్లో పనిచేసే అమ్మాయి మనుమడు బాగా చిక్కిపోతే, ప్రభుత్వ ఆస్పత్రిలోని పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చారు. చూడటానికి వెళ్లాను. ఇలాంటి కేంద్రాలకు కేంద్ర ప్రభుత్వం 2011లో మార్గదర్శకాలు ఇచ్చింది. అక్కడ బిడ్డను రోజూ తూస్తారు. ఆ బరువును బట్టి ఎఫ్-75 అనే పాలు ఇన్ని మిల్లీలీటర్లు, ఇన్ని గంటలకొకసారి అని లెక్కకట్టి పడతారు. కోలుకుంటే ఎఫ్-100కు మారుస్తారు. ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతులు. మంచం దగ్గర ఒక కాగితం వేలాడుతోంది. పాత అలవాటు కొద్దీ కళ్లజోడు పెట్టుకుని కాలమ్‌లు చదివాను. ఇచ్చినది. గిన్నెలో మిగిలినది. తాగినది. వాంతి అయినది.

1979లో నేను అడిగిన కాలమ్ అక్కడ అచ్చై ఉంది. దాన్ని నింపుతున్న సిస్టరు అమ్మాయిని, "ఇది రాయడం మీకు భారం కాదా అమ్మా?" అని అడిగాను. "ఎంత తాగాడో తెలియకపోతే మందు మాత్రం ఎట్లా మార్చాలి తాతగారూ?" అంది.

అయిదేళ్ల లోపు బిడ్డకు చేయగలిగినది డెబ్బయి ఏళ్ల ముసలమ్మకు ఎందుకు చేయలేము? ప్రతి రోగికీ మిల్లీలీటర్ల లెక్క అక్కరలేదు. పళ్లెం తీసుకునేటప్పుడు మొత్తం తిన్నారా, సగమా, అసలు తినలేదా అని ఒక గుర్తు చాలు. వరుసగా రెండు పూటలు తినకపోతే డాక్టరు రౌండ్‌లో అది కనబడాలి. ఇంత చిన్న పనికి కొత్త బడ్జెట్ పద్దు అక్కరలేదు.

మిత్రులారా, మనమంతా ఇప్పుడు ఆస్పత్రి మంచం ఎక్కే వయసులో ఉన్నాము. పిల్లలు దూరదేశాల్లో ఉన్నారు. మన పక్కన స్టూలు ఉంటుంది గాని మనిషి ఉంటాడన్న భరోసా లేదు. అందుకని మూడు విషయాలు మనవి చేస్తున్నాను. మీరుగాని మీవారుగాని ఆస్పత్రిలో చేరితే, చేరిన రోజు బరువు తూచి కేసు షీటులో రాయమని అడగండి, వారం తరువాత మళ్లీ తూచమనండి. పరీక్షకోసం పూట భోజనం ఆపితే, పరీక్ష అయ్యాక ఆ భోజనం ఎప్పుడు పెడతారో కనుక్కోండి. మూడవది మన సంఘానికి. మన ఊరి ప్రభుత్వ ఆస్పత్రిలో తోడు లేని రోగులు ఎప్పుడూ ఉంటారు. సూపరింటెండెంటు గారి అనుమతి తీసుకుని, ఓపిక ఉన్న సభ్యులం వంతులవారీగా మధ్యాహ్నం ఒక గంట వెళ్లి, సిస్టరు గారు చెప్పిన రోగుల దగ్గర కూర్చుంటే చాలు. స్టూలు దగ్గరికి జరపడానికి, మూత తీయడానికి, నాలుగు ముద్దలు కలిపి ఇవ్వడానికి మనకు ఇంకా శక్తి ఉంది. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టమని కార్యదర్శి గారిని కోరుతున్నాను.

మొదటి వంతు పేర్లలో నా పేరు రాసుకోండి.